మోటారుసైకిల్ ఇగ్నిషన్, విద్యుత్ లోపాలు: ఇంటి వద్ద పరిశీలన

బండి స్టార్ట్ కాకపోవడం, నడుస్తూ మిస్ కొట్టడం, బ్యాటరీ తరచూ దిగిపోవడం, సెల్ఫ్ కొట్టకపోవడం, దీపాలు మాటిమాటికీ మాడిపోవడం మోటారుసైకిల్ విద్యుత్ వ్యవస్థలో సాధారణంగా కనిపించే లోపాలు. వీటిలో ఎక్కువ భాగం వదులైన కనెక్షన్లు, తుప్పు పట్టిన ఎర్త్, పాడైన ప్లగ్గు, నీరసించిన బ్యాటరీ వల్ల పుట్టేవే. ఖరీదైన విడిభాగాలు పాడవడం అంతకన్నా అరుదు. అందుకే ఓ మల్టీమీటరు, ప్లగ్గు స్పానరు, కొంత ఓపిక ఉంటే ఇంటి ముంగిట్లోనే చాలా లోపాలను పట్టుకోవచ్చు. ఈ పనికి మూల సూత్రం ఒక్కటే: ముందు కొలవాలి, ఆ తర్వాతే మార్చాలి. అనుమానం మీద కాయిలు, సి.డి.ఐ. (కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్ యూనిట్), బ్యాటరీ ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది, అసలు లోపం మాత్రం అక్కడే ఉండిపోతుంది.

చరిత్ర

పెట్రోలు ఇంజన్లకు తొలినాళ్లలో స్పార్క్‌కు విద్యుత్తును అందించిన సాధనాల్లో ముఖ్యమైనది, అయస్కాంతంతో కరెంటు పుట్టించే మాగ్నెటో. జర్మనీలో రాబర్ట్ బాష్ కార్ఖానా 1897లో డి డియోన్ బూటన్ మూడు చక్రాల బండికి మాగ్నెటోను అమర్చింది. అదే సంస్థలో గాట్‌లోబ్ హోనోల్డ్ 1902లో స్పార్క్ ప్లగ్గుతో పనిచేసే అధిక వోల్టేజీ మాగ్నెటోను రూపొందించాడు. 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీ, కాయిలు, పాయింట్లతో (తెరుచుకుని మూసుకునే కాంటాక్టులతో) పనిచేసే పద్ధతిని క్యాడిలాక్ కార్లకు తెచ్చాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు మోటారుసైకిళ్లలో ఈ రెండు పద్ధతులే సాగాయి. 1969లో వచ్చిన కవాసాకి హెచ్1 వంటి బండ్లతో పాయింట్లు లేని సి.డి.ఐ. పద్ధతి ప్రచారంలోకి వచ్చింది.

మన దేశంలో మద్రాసులో తయారైన బుల్లెట్, మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లు పాయింట్ల కాలానికి చెందినవి. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100తో సి.డి.ఐ. సామాన్యుడి చేతికి అందింది. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాల్లో ఇంజన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరైంది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమల్లోకి రావడంతో చాలా మోటారుసైకిళ్లలో కార్బ్యురేటరు స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్ ఇ.సి.యు. వచ్చాయి. ఊళ్లలో ఈ మూడు తరాల బండ్లూ నేటికీ తిరుగుతున్నాయి కాబట్టి, చేతిలో ఉన్నది ఏ తరం బండో తెలుసుకోవడమే మరమ్మతుకు మొదటి మెట్టు.

వ్యవస్థ నిర్మాణం

విద్యుత్ వ్యవస్థను మూడు భాగాలుగా చూడవచ్చు. మొదటిది ఉత్పత్తి, నిల్వ. క్రాంక్‌కు బిగించిన మాగ్నెట్ తిరుగుతుంటే దాని లోపలి స్టేటర్ కాయిళ్లలో ఏసీ కరెంటు పుడుతుంది. రెక్టిఫయర్ రెగ్యులేటర్ దాన్ని డీసీగా మార్చి, వోల్టేజీ హద్దు దాటకుండా ఆపి, బ్యాటరీకి పంపుతుంది. రెండోది పంపిణీ: ఫ్యూజు, తాళం, స్విచ్చులు, వైర్లు, ఎర్త్. బండి ఫ్రేము, ఇంజన్ కూడా ఇక్కడ తీగలాగే పనిచేస్తాయి. అందువల్ల ఎర్త్ బోల్టు దగ్గర తుప్పు పడితే ఆ దారి మొత్తం దెబ్బతింటుంది. మూడోది ఇగ్నిషన్. మాగ్నెట్ పక్కన ఉండే పల్సర్ కాయిలు పిస్టన్ ఎక్కడుందో సంకేతం ఇస్తుంది. సి.డి.ఐ.లో దాచిన కొన్ని వందల వోల్టుల కరెంటు ఆ క్షణంలో ఇగ్నిషన్ కాయిలులోకి దూకుతుంది. కాయిలు దాన్ని పది వేల వోల్టులు దాటించి ప్లగ్గుకు పంపుతుంది.

సి.డి.ఐ.లో రెండు రకాలున్నాయి. ఏసీ రకానికి మాగ్నెట్‌లోని ప్రత్యేక కాయిలు నుంచే కరెంటు అందుతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా ఇలాంటి బండి కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది. పాత 100 సీసీ బండ్లు చాలావరకు ఈ కోవలోవే. డీసీ రకానికి బ్యాటరీయే ఆధారం. బ్యాటరీ వోల్టేజీ బాగా పడిపోతే ఎన్ని కిక్కులు కొట్టినా స్పార్క్ రాదు. ఈ తేడా తెలియక మంచి సి.డి.ఐ.ని తీసి పారేసేవారు చాలామంది.

పనిముట్లు, జాగ్రత్తలు

ప్లగ్గు స్పానరు, గ్యాపు కొలిచే ఫీలర్ గేజి, డిజిటల్ మల్టీమీటరు, సన్నటి ఎమిరీ కాగితం, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చాలు. పాత ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టుకుంటే మంచి టెస్ట్ ల్యాంపు అవుతుంది. నూరు పోగుల్లో తొంభై తెగిపోయిన వైరు కూడా మల్టీమీటరులో 12 వోల్టులు చూపించగలదు, బల్బును మాత్రం పూర్తి వెలుతురుతో వెలిగించలేదు. అయితే ఇ.సి.యు.కు వెళ్లే వైర్ల మీద ఈ బల్బును వాడకూడదు, అది లాగే కరెంటుకు లోపలి భాగాలు దెబ్బతింటాయి. బండి సర్వీసు మాన్యువల్‌లో ఉండే వైరింగ్ పటం మిగతా పనిముట్లన్నిటికంటే విలువైనది.

ప్లగ్గు రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంది, కనుక స్పార్క్ పరీక్ష చేసేటప్పుడు ప్లగ్గును ఆ రంధ్రానికి దూరంగా, గాలి ఆడే చోట పెట్టాలి. ప్లగ్గు క్యాపును చేత్తో పట్టుకోకూడదు. బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు మండే స్వభావం గల హైడ్రోజన్ వెలువడుతుంది, దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్ అన్న వరుస పాటిస్తే స్పానరు ఫ్రేముకు తగిలినా ప్రమాదం ఉండదు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకకూడదు. బండికి వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీని, ఇ.సి.యు.ను విడదీయాలి.

పరిశీలన వరుస

ఇంజన్ స్టార్ట్ కావాలంటే పెట్రోలు, కంప్రెషన్, స్పార్క్ మూడూ ఉండాలి. కొన్ని కిక్కులు కొట్టాక ప్లగ్గు విప్పి చూస్తే దారి తెలుస్తుంది. ప్లగ్గు మొన తడిసి ఉంటే పెట్రోలు అందుతోంది, స్పార్క్‌ను అనుమానించాలి. పొడిగా ఉంటే ముందు పెట్రోలు దారి చూడాలి.

అంతకన్నా ముందు చూడాల్సినవి కిల్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, క్లచ్ స్విచ్, న్యూట్రల్ లైటు, ఫ్యూజు. ఎవరో పిల్లలు నొక్కిన కిల్ స్విచ్ వల్ల వర్క్‌షాపు దాకా నెట్టుకెళ్లిన బండ్లు ఎన్నో. ఆ తర్వాత హారన్ కొట్టి చూడాలి. హారన్ గొంతు నీరసంగా ఉండి, ఇండికేటర్లు వెలిగి ఆరకుండా మందంగా నిలిచిపోతే బ్యాటరీ దిగిపోయినట్టే.

స్పార్క్ పరీక్షకు ప్లగ్గును క్యాపులో ఉంచి, దాని లోహపు ఒంటిని ఇంజన్‌కు గట్టిగా ఆనించి కిక్ కొట్టాలి. నీలిరంగులో, టిక్ మని చప్పుడు చేసే స్పార్క్ మంచిది. ఎర్రగా, పసుపుగా, సన్నగా ఉంటే బలం తక్కువ. ప్లగ్గును ఇంజన్‌కు ఆనించకుండా కిక్ కొట్టడం తప్పు. వెళ్లే దారి లేని అధిక వోల్టేజీ కాయిలు లోపలి ఇన్సులేషన్‌ను, ఒక్కోసారి సి.డి.ఐ.ని దెబ్బతీస్తుంది.

ప్లగ్గు, క్యాపు

ప్లగ్గు మొన రంగు ఇంజన్ ఆరోగ్యాన్ని చెబుతుంది. లేత గోధుమ రంగు మంచి గుర్తు. పొడి నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది లేదా ఛోక్ ఉండిపోయింది. జిడ్డుగా నల్లబడితే ఇంజన్ ఆయిల్ పైకి వస్తోందని, రింగులో వాల్వు సీళ్లో అరిగాయని అర్థం. తెల్లగా, పొక్కులు కట్టినట్టు ఉంటే ఇంజన్ వేడెక్కుతోంది, గాలి ఎక్కువవుతోంది.

గ్యాపు సాధారణంగా 0.6 నుంచి 0.9 మి.మీ. మధ్య ఉంటుంది, ఆ బండి మాన్యువల్‌లో ఇచ్చిన అంకెనే పాటించాలి. మరీ ఎక్కువైతే వేగం అందుకునేటప్పుడు మిస్ కొడుతుంది, మరీ తక్కువైతే నిదానంలో ఇంజన్ ఆగిపోతుంది. ప్లగ్గు కొత్తదే అయినా హీట్ రేంజి సరిపడకపోతే ఇబ్బంది తప్పదు. బిగించేటప్పుడు మొదట చేత్తోనే మరలు ఎక్కించాలి. అడ్డంగా ఎక్కితే అల్యూమినియం హెడ్డులోని మరలు పోతాయి, ఆ మరమ్మతు ఇంట్లో అయ్యేది కాదు. 2003లో వచ్చిన పల్సర్ డి.టి.ఎస్.ఐ. వంటి రెండు ప్లగ్గుల బండ్లలో ఒకటి చచ్చినా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, ఊపు, మైలేజీ మాత్రం తగ్గుతాయి. కనుక రెండింటినీ విడివిడిగా చూడాలి.

వానలో ఆగిపోయే బండికి మొదటి అనుమానం క్యాపు మీదే. రబ్బరు పగిలి నీరు చేరితే కరెంటు ప్లగ్గుకు వెళ్లకుండా పక్కదారిన ఎర్త్‌లోకి జారుతుంది. చీకట్లో ఇంజన్ నడిపి కాయిలు వైరు మీద కొద్దిగా నీళ్లు చిలకరిస్తే జారే నీలి గీతలు కంటికే కనిపిస్తాయి. క్యాపు చాలా బండ్లలో స్క్రూలా తిప్పితే ఊడి వస్తుంది. వైరు కొన కాలినట్టుంటే ఐదు మి.మీ. కత్తిరించి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. రెసిస్టర్ ఉన్న క్యాపు సాధారణంగా 5 కిలో ఓంల దగ్గర చూపిస్తుంది, మీటరు ఏమీ చూపకపోతే క్యాపు పోయింది.

కాయిలు, పల్సర్, సి.డి.ఐ.

ఇగ్నిషన్ కాయిలు ప్రైమరీ చుట్ట సి.డి.ఐ. బండ్లలో ఒక ఓం లోపే ఉంటుంది, సి.డి.ఐ.కి బదులు ట్రాన్సిస్టర్‌తో కాయిలును నడిపే బండ్లలో కొన్ని ఓంలు ఉంటుంది. సెకండరీ చుట్ట కొన్ని కిలో ఓంలు. పల్సర్ కాయిలు సాధారణంగా వంద నుంచి కొన్ని వందల ఓంలు చూపిస్తుంది. దాని వైరు మాగ్నెట్ కవరు నుంచి బయటికి వచ్చే చోట నలిగిపోవడం తరచూ కనిపించే లోపం.

సి.డి.ఐ.ని మల్టీమీటరుతో నమ్మకంగా పరీక్షించడం కుదరదు. మిగతావన్నీ సరిగా ఉన్నాయని తేలాక, అదే మోడల్ బండిలో పనిచేస్తున్నదాన్ని కాసేపు తెచ్చి పెట్టి చూడటమే సరైన పద్ధతి. ఏసీ సి.డి.ఐ. బండ్లలో ఒక విశేషం ఉంది: తాళం తీసినప్పుడు, కిల్ స్విచ్ నొక్కినప్పుడు ఒక వైరు ఎర్త్ అయి స్పార్క్‌ను ఆపుతుంది. హోండా పద్ధతి వైరింగ్‌లో అది నలుపు మీద తెలుపు గీత ఉన్న వైరు. అది ఎక్కడైనా ఒరుసుకుని ఫ్రేముకు తగిలితే బండికి స్పార్క్ ఉండదు. సి.డి.ఐ. దగ్గర ఆ ఒక్క వైరు విడదీసి కిక్ కొట్టినప్పుడు స్పార్క్ వస్తే లోపం తాళంలోనో, స్విచ్‌లోనో, ఆ వైరులోనో ఉన్నట్టు.

చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగి, అరగంట తర్వాత మళ్లీ స్టార్ట్ అయ్యే బండి అందరినీ తికమక పెడుతుంది. వేడికి లోపలి తీగ విడిపోయే పల్సర్, ఇగ్నిషన్ కాయిళ్లు దీనికి కారణం కావచ్చు. ఆగిన క్షణంలోనే స్పార్క్ చూడాలి, చల్లారాక కొలిస్తే అంతా బాగున్నట్టే తేలుతుంది. స్పార్క్ ఉంటే పెట్రోలు ట్యాంకు మూత తెరిచి మళ్లీ కిక్ కొట్టాలి. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినా లక్షణం అచ్చం ఇలాగే ఉంటుంది.

పాయింట్ల బండ్లు

పాత బుల్లెట్‌లో పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. పాయింట్లు నల్లబడితే సన్నటి ఎమిరీతో రుద్ది, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. జిడ్డు మిగిలితే మళ్లీ కాలిపోతాయి. విడిపడేటప్పుడు పాయింట్ల మధ్య పెద్ద నీలి మెరుపు కనిపించి, అవి కొద్ది రోజులకే కాలిపోతుంటే పాయింట్లకు జతగా ఉండే కండెన్సర్ పోయినట్టు. గ్యాపు మారితే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి ఆ రెండూ కలిపి సరిచూడాలి. టైమింగ్ ముందుకు జరిగితే కిక్ ఎదురు తన్ని కాలు గాయపడే ప్రమాదం ఉంది.

బ్యాటరీ

పూర్తిగా చార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ కొన్ని గంటల విశ్రాంతి తర్వాత 12.6 నుంచి 12.8 వోల్టులు చూపాలి. 12.4 దగ్గర ఉంటే చార్జింగ్ అవసరం, 12.0 దగ్గరికి వస్తే దాదాపు ఖాళీ. సెల్ఫ్ నొక్కినప్పుడు 9.5 వోల్టుల కంటే కిందికి పడితే బ్యాటరీలో బలం లేదు లేదా మోటారు ఎక్కువ కరెంటు లాగుతోంది. చార్జర్‌తో ఎక్కించేటప్పుడు సామర్థ్యంలో పదో వంతు కరెంటు సురక్షితం, అంటే 5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అర ఆంపియర్.

నీళ్లు పోసే రకం బ్యాటరీలో ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ ఉంచాలి. బోరు నీటిలోని లవణాలు ప్లేట్లను పాడు చేస్తాయి. రెంటచింతల, రామగుండం వైపు వేసవి ఎండలకు నీరు త్వరగా తగ్గుతుంది, ఏప్రిల్, మే నెలల్లో తరచూ చూసుకోవాలి. సీలు చేసిన రకాన్ని తెరవకూడదు. టెర్మినళ్ల మీద తెల్లటి, నీలం పొడి పేరుకుంటే వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టి, బిగించాక వాజిలిన్ రాయాలి.

నిలబెట్టిన బండిలో బ్యాటరీ దిగిపోతుంటే తాళం తీసేసి, నెగటివ్ టెర్మినల్‌కూ వైరుకూ మధ్య మల్టీమీటరును ఆంపియర్ స్థానంలో పెట్టి చూడాలి. గడియారం, ఇ.సి.యు. కోసం కొన్ని మిల్లీ ఆంపియర్లు పోవడం మామూలే. అంతకు మించితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి, ఏది తీసినప్పుడు కరెంటు ఆగిందో చూస్తే దారి దొరుకుతుంది. తర్వాత పెట్టించుకున్న అలారం, మొబైల్ చార్జర్, అదనపు లైట్లు చాలాసార్లు దోషులుగా తేలతాయి.

చార్జింగ్

ఇంజన్‌ను మధ్యస్థ వేగంలో నడుపుతూ బ్యాటరీ మీద కొలిస్తే 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. వేగం పెంచినా 12.5 దగ్గరే ఉంటే చార్జింగ్ పడటం లేదు. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పింది, అది బ్యాటరీని ఉడికిస్తుంది, బల్బులను మాడుస్తుంది.

చార్జింగ్ పడకపోతే రెగ్యులేటర్ దగ్గర సాకెట్ విడదీయాలి. పెద్ద బండ్లలో స్టేటర్ నుంచి మూడు పసుపు వైర్లు వస్తాయి. ఏ రెండింటి మధ్య కొలిచినా దాదాపు ఒకే అంకె, సాధారణంగా ఒక ఓం లోపు, రావాలి. వాటిలో దేనికీ ఎర్త్‌తో సంబంధం ఉండకూడదు. ఇంజన్ నడిపినప్పుడు మూడు జతల్లోనూ ఏసీ వోల్టేజీ సమానంగా, వేగంతో పాటు పెరగాలి. ఈ మూడూ సరిగా ఉండి చార్జింగ్ లేకపోతే రెగ్యులేటర్‌నో, దాని నుంచి బ్యాటరీ దాకా ఉన్న వైరునో చూడాలి. సాకెట్‌లో పసుపు వైరు దగ్గర ప్లాస్టిక్ కరిగి నల్లబడి ఉండటం వదులు కనెక్షన్‌కు సాక్ష్యం. దాన్ని బాగుచేయకుండా కొత్త స్టేటర్ వేస్తే మళ్లీ అదే జరుగుతుంది.

సెల్ఫ్ స్టార్టర్

బటన్ నొక్కితే టక్ మని ఒక్క శబ్దం వచ్చి ఆగితే రిలే పనిచేస్తోంది, కానీ మోటారుకు బలమైన కరెంటు అందడం లేదు. టకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీ నీరసం. ఏ శబ్దమూ లేకపోతే బటన్, క్లచ్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, రిలేకు వచ్చే సన్న వైర్లు చూడాలి. సెల్ఫ్ నొక్కి ఉంచి బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజన్ ఒంటికీ మధ్య వోల్టేజీ కొలవాలి. అర వోల్టు దాటితే ఎర్త్ కేబుల్ విప్పి శుభ్రం చేయాలి. కరెంటంతా బాగుండి మోటారు తిరగకపోతే లోపలి కార్బన్ బ్రష్షులు అరిగి ఉండవచ్చు.

దీపాలు, హారన్

పాత చిన్న బండ్లలో హెడ్‌లైటు నేరుగా మాగ్నెట్ నుంచి వచ్చే ఏసీతో వెలుగుతుంది. ఇంజన్ వేగంతో వెలుతురు పెరగడం, తగ్గడం అందులో లోపం కాదు. అయితే బల్బులు వరుసగా మాడిపోతుంటే రెగ్యులేటర్‌ను, ముఖ్యంగా దాని ఎర్త్ వైరును చూడాలి. ఒక వైపు ఇండికేటర్లు మామూలు కంటే వేగంగా కొట్టుకుంటే ఆ వైపు ఒక బల్బు పోయినట్టు. బ్రేకు లైటు ఆరకుండా ఉంటే వెనక బ్రేకు స్విచ్ నట్టు సర్దాలి. హారన్‌కు నేరుగా బ్యాటరీ నుంచి వైరు ఇచ్చినప్పుడు మోగితే హారన్ మంచిదే, లోపం బటన్‌లోనో వైరులోనో ఉంది.

వైర్లు, ఫ్యూజులు

హ్యాండిల్ తిప్పినప్పుడు దీపాలు ఆరి వెలిగితే హ్యాండిల్ మెడ దగ్గర వైరు లోపలే తెగింది. పైతొడుగు బాగుండటంతో కంటికి దొరకదు, ఒక్కో వైరును మెల్లగా లాగి చూస్తే తెగిన చోట సాగుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉప్పు గాలికి సాకెట్లలో పచ్చటి తుప్పు పడుతుంది. పల్లెల్లో కొట్టాల్లో పెట్టిన బండ్ల వైర్లను ఎలుకలు కొరుకుతాయి. ఒత్తిడి నీటితో కడిగించిన మర్నాడు లోపం బయటపడితే సాకెట్లు విప్పి ఆరబెట్టడంతోనే చాలాసార్లు సరిపోతుంది.

తెగిన వైర్లను మెలిపెట్టి నల్ల టేపు చుట్టడం ఇల్లు చేరేవరకే పనికొస్తుంది. సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ గొట్టం తొడగడం స్థిరమైన మరమ్మతు. ఫ్యూజు పదేపదే పోతుంటే ఎక్కడో వైరు ఎర్త్ అవుతోందని అర్థం. దాని స్థానంలో రాగి తీగ, సిగరెట్ రేకు పెట్టడం చాలా ప్రమాదం. అప్పుడు కాలేది వైరింగ్ మొత్తం, అదీ పెట్రోలు ట్యాంకు కిందే.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు

ఈ బండ్లలో తాళం వేయగానే పెట్రోలు పంపు రెండు మూడు క్షణాలు గుయ్ మంటుంది. ఆ శబ్దం లేకపోతే పంపు ఫ్యూజు, రిలే, కిల్ స్విచ్ చూడాలి. బండి కింద పడ్డాక స్టార్ట్ కాకపోతే వాలును గుర్తించే సెన్సర్ ఇంజన్‌ను ఆపి ఉండవచ్చు. చాలా బండ్లలో నిటారుగా నిలిపి, తాళం తీసి మళ్లీ వేస్తే తేరుకుంటుంది. ఇంజన్ గుర్తు దీపం ఇంజన్ నడిచినా ఆరకపోతే ఇ.సి.యు. ఏదో లోపాన్ని నమోదు చేసింది. కొన్ని మోడళ్లలో ఆ దీపం మెరుపుల లెక్కే లోపం సంఖ్య. ఈ బండ్లన్నిటికీ బలమైన బ్యాటరీ ప్రాణాధారం, వోల్టేజీ తగ్గితే లేని లోపాలు కూడా ఉన్నట్టు కనిపిస్తాయి.

ఇంటి పని హద్దులు

స్టేటర్ చుట్టించడం, మాగ్నెట్ లాగడం, ఇ.సి.యు. స్కానింగ్, ఏ.బి.ఎస్. మరమ్మతులు ప్రత్యేక పనిముట్లున్న వర్క్‌షాపుకే వదలాలి. పుల్లర్ లేకుండా సుత్తితో కొట్టి మాగ్నెట్ ఊడదీస్తే క్రాంక్, అయస్కాంతాలు రెండూ దెబ్బతింటాయి. అయినా ఇంటి దగ్గర చేసిన పరిశీలన వృథా పోదు. బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపింది, చార్జింగ్ ఎంత పడింది, స్పార్క్ ఏ రంగులో వచ్చింది, లోపం వేడిలో వస్తోందా వానలో వస్తోందా అన్నవి కాగితం మీద రాసి మెకానిక్‌కు ఇస్తే ఆయన వెతుకులాట సగం తగ్గుతుంది. అవసరం లేని భాగాలు మార్చే పరిస్థితి రాదు. బండి మీదే కూలికో, వ్యాపారానికో, చదువుకో వెళ్లే కుటుంబానికి ఆ మిగులు చిన్నదేమీ కాదు.